అవ్వ గొంతున్న క్యాసెట్

తిరుపతిలో ఆ సత్రాన్ని కూలగొట్టబోతున్నారని తెలియగానే నేను చేసిన మొదటి పని చెప్పులు వేసుకోవడం. సత్రం మేడ మీది గదిలో ఒకప్పుడు సంగీత గ్రంథాలయం ఉండేది. అందులో ఎవరి వస్తువులు వాళ్ళు గుర్తుపట్టి తీసుకుపోవచ్చని, మిగిలింది లారీకెత్తేస్తామని సత్రం మేనేజరు ఫోన్లో చెప్పాడు. నిజానికి నా వస్తువంటూ అక్కడ ఏమీ లేదు. ఉందేమోనన్న అనుమానం మాత్రం పాతికేళ్ళ పైనుంచి ఉంది. ఆ గదిని చూసుకున్న మునిరత్నం సార్, మా అవ్వ పాటల క్యాసెట్‌కి మాకు తెలియకుండా ఒక కాపీ తీసి దాచుకున్నాడని నేను గట్టిగా నమ్మాను. అసలు క్యాసెట్ పోయింది. కాపీ దొరికితే అవ్వ గొంతు దొరికినట్టే. ఆయన పోయి నాలుగేళ్ళయింది. మనిషి ఒప్పుకోనిది ఆయన బీరువాలైనా ఒప్పుకుంటాయని బస్సెక్కాను.

నా అనుమానం గురించి చెప్పాలంటే ముందు నాయన గురించి చెప్పాలి, ఎందుకంటే అది ఆయన దగ్గరినుంచి నాకు దిగిన ఆస్తి. మాది వడమాలపేట పక్కన చెరకు వేసుకునే కుటుంబం. నాయన అంగట్లో తూచిన కందిపప్పును ఇంటికి తెచ్చి మళ్ళీ తూచేవాడు. పాలామె పోసి వెళ్ళాక చెంబులో వేలు ముంచి, గోరు మీద చుక్క నిలుస్తుందా జారుతుందా అని చూసేవాడు. బస్సెక్కితే టికెట్టును వెలుతురుకి పట్టి చదివేవాడు. ఒక్క నాయననే అని ఏం లాభం, తిరుపతి చుట్టుపక్కల పుట్టిన వాళ్ళందరికీ కొంచెం హెచ్చుతగ్గుగా ఈ జబ్బు ఉంటుంది. పొద్దున లేస్తే ముక్కూమొహం తెలియని జనం బస్టాండులో దిగుతారు, వాళ్ళకి గదులిప్పిస్తామని, తొందరగా దర్శనం చేయిస్తామని వెంటపడే వాళ్ళు ఇంకో పదిమంది ఉంటారు, ఇదంతా చూస్తూ పెరిగినవాడికి ఎవరైనా నవ్వుతూ దగ్గరికొస్తే చెయ్యి జేబు మీదికి పోతుంది. దీనికి తోడు నేను పుట్టకముందు ఎవరో పెద్దమనిషి ఫోటో తీసుకుని ఇస్తానని మా ఇంటి ఇత్తడి దీపపుసెమ్మె పట్టుకుపోయి తిరిగి రాలేదట. ఆ సెమ్మెను నేనెప్పుడూ చూడలేదు. అయినా అది మా ఇంట్లో రోజూ వెలుగుతూనే ఉండేది, ఎవరు ఏది అడిగినా నాయన దాన్నే చూపించేవాడు.

మా అవ్వ, అంటే నాయన తల్లి, ఈ జబ్బు అంటని మనిషి. ఏడాదికొకసారి ఊళ్ళో ఆడవాళ్ళని వెంటబెట్టుకుని అలిపిరి నుంచి మెట్లెక్కేది. ఒక్కొక్క మెట్టుకీ వంగి పసుపు రాసి కుంకుమ పెడుతూ పాడేది, ఆమె ఒక ముక్క పాడితే వెనకున్న వాళ్ళు అందుకునేవాళ్ళు. ఆ పాటలు ఆమెకు వాళ్ళ అత్త దగ్గర వచ్చాయి, ఆ అత్తకు ఇంకెవరి దగ్గరో. ఎవరూ రాసిపెట్టలేదు. ఎక్కడానికి వారం ముందునుంచే ఇల్లంతా పసుపు వాసన కొట్టేది. కొమ్ములు దంచేది, జల్లించేది, గుడ్డ సంచుల్లో నింపేది, మధ్యమధ్య వక్కాకు నములుతూ మా అమ్మకు పనులు పురమాయించేది. అవతల కొట్టంలో బెల్లం కాగుతూ ఉండేది, పసుపూ బెల్లమూ కలిసిన ఆ వాసన ఇప్పుడు ఎక్కడ తగిలినా నేను అటు తిరుగుతాను. శ్రీహరికోటలో డ్రైవరుగా పనిచేసే మా చిన్నాయన ఒకసారి సెలవుకొస్తూ రేడియో కూడా ఉన్న టేప్ రికార్డరు మా ఇంటికి తెచ్చాడు. వసారాలో అవ్వను కూర్చోబెట్టి, ముందర దాన్ని పెట్టి పాడమన్నాడు. "దాని మొగానికి పాడేదేందిరా, అది మెట్టా ఏమన్నానా" అని అవ్వ సిగ్గుపడింది. పాడింది మాత్రం మొత్తం పాడింది. మధ్యలో దూడ అరుపూ, మా అమ్మ చెంబు కింద పెట్టిన చప్పుడూ కూడా అందులో పడ్డాయి. తర్వాత రెండేళ్ళకు అవ్వ పోయింది. నాయన ఆ క్యాసెట్‌ను తెల్లగుడ్డలో చుట్టి అవ్వ ఫోటో కింద పెట్టాడు. అవ్వ పోయిన తిథినాడు అలసంద వడలు, పాయసం పెట్టాక అందరం కూర్చుని ఒక్కసారి వినేవాళ్ళం. మళ్ళీ గుడ్డలో చుట్టేసేవాడు.

నాకు పాట వచ్చునని ఇంట్లో పసిగట్టింది అవ్వే. ఆమె చెప్పి పోయిందని నాయన నన్ను తిరుపతిలో సంగీతం నేర్చుకోవడానికి పంపాడు, మనసులో మాత్రం ఆయనకు ఎప్పుడూ ఒక కాలు వెనక్కే ఉండేది. "ఆడపిల్లవి, నీ మీద ఒక్క మాట, ఒక్క మాట బయట పడిందా, పాటా లేదు గీటా లేదు, ఇంట్లో కూసోవాల్సిందే" అని మొదటిరోజే చెప్పాడు. పొద్దున బస్సుకు పోయి, క్లాసు అయ్యాక సాయంత్రం బస్సుదాకా ఉండే రెండు మూడు గంటలు ఎక్కడ గడపాలో తెలియక నేను కనుక్కున్నది ఆ సత్రం మేడ. పాటల పిచ్చి ఉన్న ఒక వ్యాపారి తను పోగుచేసిన రికార్డులూ టేపులూ పుస్తకాలూ అక్కడ పెట్టించి, చూసుకోవడానికి మునిరత్నం సార్‌ను ఉంచి కన్నుమూశాడు. సార్ అప్పటికే అరవైకి దగ్గర పడ్డ మనిషి. బక్కపలచగా ఉండేవాడు, చొక్కా జేబులో ఎప్పుడూ దూది ఉండేది, టేప్ రికార్డరులో టేపు రాసుకునే తలను తుడవడానికి. పెళ్ళిచేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదన్న దాని మీద కూడా నాకు కొన్ని అనుమానాలుండేవి.

సార్ ఏం వినాలో నోటితో చెప్పేవాడు కాదు. సత్రంలో పెళ్ళిళ్ళు జరిగినప్పుడు మిగిలిపోయిన శుభలేఖలను కత్తిరించి, రాత లేని వైపు రాసి చేతికిచ్చేవాడు. చీటీ మూలల్లో పసుపు అలాగే ఉండేది. ఒకవారం ఒక సన్నాయి రికార్డు, "మొదటిసారి సన్నాయి వినొద్దు, వెనక డోలు విను" అని. ఇంకోవారం రేణిగుంట ప్లాట్‌ఫారం మీద పాడుకుని బతికే గుడ్డి మొగుడూపెళ్ళాల టేపు, దాన్ని ఆయనే పోయి రికార్డు చేసుకొచ్చాడు. తర్వాత తమిళ సరిహద్దు ఊళ్ళో తెల్లవార్లూ ఆడిన వీధినాటకం. ఆ తర్వాత చంద్రగిరిలో ఎవరో ముసలమ్మ తన కోసం తాను స్వరాలు రాసుకున్న నోటుపుస్తకం. మనం వింటుంటే ఎదురుగా కూర్చుని మొహం చూసేవాడు. అయిపోయాక బాగుందా అని అడిగేవాడు కాదు, "ఆయప్ప యాడ ఊపిరి తీసుకున్నాడు, సెప్పు" అనేవాడు. నేను నీళ్ళు నమిలితే మళ్ళీ మొదటినుంచి పెట్టేవాడు. పట్నం పిల్లలకు పెద్ద విద్వాంసుల కచేరీలిచ్చి, పల్లెనుంచి వచ్చానని నాకు ప్లాట్‌ఫారం పాటలు అంటగడుతున్నాడని నాకు గట్టి అనుమానం. ఒకరోజు పక్కనున్న అమ్మాయి చీటీ దొంగచాటుగా చూశాను. ఆమెకూ అదే గుడ్డివాళ్ళ టేపు. అప్పుడైనా నా అనుమానం తీరాలి కదా. తీరలేదు, ఆ అమ్మాయిది కూడా పల్లెటూరే కదా అనుకున్నాను.

అలాంటి చీటీ ఒకటి మా అమ్మ కంట పడింది. నా సంచిలో సబ్బుపెట్టె వెతుకుతుంటే బయటపడింది. పసుపు పూసిన మూలలు, మగవాడి రాత. "నీ కోసరం వేరే తీసిపెట్టినాను. ఇంకెవురికీ ఇయ్యలేదు. శుక్రవారం తప్పక రా." అమ్మ చదివి మంచం మీద కూలబడింది. అది చంద్రగిరి ముసలమ్మ నోటుపుస్తకం గురించి అని నేనెంత మొత్తుకున్నా వినేవాళ్ళు లేరు. నాయన రాగిసంగటి ముద్ద సగంలో వదిలి చెయ్యి కడుక్కున్నాడు. మర్నాడు నాతోపాటు బస్సెక్కాడు. దారిపొడుగునా కిటికీలోంచి బయటికే చూశాడు.

మేడ మెట్లెక్కి గదిలోకి తొంగిచూసిన నాయనకు కనిపించింది ముక్కు చివర కళ్ళజోడు పెట్టుకుని, దూదితో టేప్ రికార్డరు తల తుడుస్తున్న ముసలాయన. నాయన పొద్దుటినుంచి మనసులో పేర్చుకున్న మాటలన్నీ ఎక్కడివక్కడే నిలిచిపోయాయి. "మా పాపకి సీటీ రాసింది నువ్వేనా సామీ" అన్నాడు, గొంతు తగ్గించి. సార్ చీటీ తీసుకుని చదివి, నోటుపుస్తకం తెచ్చి నాయన చేతిలో పెట్టాడు. "ఇదే అప్పా. బయటికిస్తే సిరిగిపోతాది, అందుకని వేరే పెట్టినా. పాప గొంతులో ఒక పాత జాడ ఉండాది. ఎవురి దగ్గర్నించి వచ్చింది?" నాయన సిగ్గు కప్పుకోవడానికి అవ్వ గురించి చెప్పడం మొదలుపెట్టాడు. మెట్ల పాటల గురించి చెప్పాడు. క్యాసెట్ గురించి కూడా నోరు జారాడు. అప్పుడు మునిరత్నం సార్ మొహంలో వచ్చిన వెలుగు చూసి నాయన చెయ్యి జేబు మీదికి పోవడం నేను కళ్ళారా చూశాను.

"ఒక్కవారం ఇస్తావా అప్పా, వినేసి ఇస్తాను. అట్టా పాడేవోళ్ళు ఇప్పుడు లేరు" అని సార్ అడిగాడు. నాయన వెంటనే ఇవ్వలేదు. రెండు నెలలు నానబెట్టాడు. ఆ రోజుల్లో తిరుపతిలో ఏ సందులో చూసినా భక్తి క్యాసెట్ల అంగళ్ళు. ఎవరో పాడితే ఇంకెవరి ఫోటోనో వేసి అమ్ముతారని బస్సులో ఎవరో నాయన చెవిన వేశారు. మా అవ్వ గొంతుకు పట్టుచీర కట్టుకున్న ఇంకో ఆడమనిషి బొమ్మ అంటించి అలిపిరిలో అమ్ముతారేమోనని ఆయన భయం. చివరికి ఒకరోజు క్యాసెట్ తీసుకుని తనే వచ్చాడు. సార్‌ను మేడ వరండాలోకి తీసుకెళ్ళి, కొండ కనబడే వైపు నిలబెట్టాడు. మా వైపు గట్టి మాట తీసుకోవాలంటే మనిషిని కొండకెదురుగా తిప్పుతారు. "అట్ట తిరిగి సెప్పు సామీ. విని ఇచ్చేస్తాను, కాపీ తీసుకోనని సెప్పు." సార్ కళ్ళజోడు తీసి, చేతులు జోడించి, అన్నాడు. అంత పెద్దాయన చేత అలా చెప్పించినందుకు నాకు తల కొట్టేసినట్టయింది. అయితే నిజం చెప్పాలి, ఆయన చెబుతున్నప్పుడు పెదాలు సరిగ్గా కదిలాయా లేదా అని నేనూ చూశాను.

వారానికి క్యాసెట్ తిరిగొచ్చింది. రావడం రావడమే నాయన దాన్ని వసారా వెలుతురులో తిప్పి తిప్పి చూశాడు. చిన్నాయన పెన్సిలుతో రాసిన పాత కాగితం మీద సార్ కొత్త కాగితం అంటించి, ముత్యాల్లాంటి రాతతో అవ్వ పేరు, ఊరి పేరు రాశాడు. అది ఒక తప్పు. క్యాసెట్ వెనక అంచున రెండు మూలల్లో ఉండే చిన్న ప్లాస్టిక్ ముక్కలు విరిగిపోయి అక్కడ బొక్కలు పడ్డాయి. అది రెండో తప్పు. పెట్టి వింటే అవ్వ గొంతు ఒకసారి దగ్గరగా, ఒకసారి దూరంగా వచ్చిపోతోంది. అంతకుముందు కూడా అలాగే ఉండేదా? ఏడాదికొకసారి ఏడుస్తూ వినేవాళ్ళకి ఎవరికి గుర్తుంటుంది. "సూడు, పాడు జేసి పంపినాడు. కాగితం కూడా ఆయప్పదే అంటించినాడు, రేపు నాదే అంటాడు" అని నాయన మండిపడ్డాడు. అమ్మ మాత్రం, "నీకెవురి మీద నమ్మకముంటాదయ్యా, పోయి ఒక్క మాట అడగరాదా" అంది. ఆ ఒక్క మాట మాలో ఎవరమూ అడగలేదు. నేను రోజూ ఆయన ఎదురుగా కూర్చునేదాన్ని, అడిగితే నిమిషంలో చెప్పేవాడు. అడిగితే చెప్పే అబద్ధం ఏమిటో ముందే ఊహించుకుని నోరు మూసుకున్నాను.

నాయన తన పద్ధతిలో క్యాసెట్‌ను కాపాడుకున్నాడు. సార్ అంటించిన కాగితాన్ని నీళ్ళతో తడిపి గోకేశాడు, దాంతోపాటు కింద చిన్నాయన రాసిందీ ఊడిపోయింది. విరిగిన మూలలకు, గాయానికి వేసినట్టు, ప్లాస్టరు ముక్కలు అంటించాడు. ఇక ఫోటో కింద పెడితే ఎవరైనా ఎత్తుకుపోతారని, మామూలు క్యాసెట్లుండే బిస్కెట్ల డబ్బాలో అన్నిటి మధ్యా కలిపేశాడు. పేరు లేని క్యాసెట్‌ను ఏ దొంగ గుర్తుపడతాడని ఆయన తెలివి. ఈ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, ఎంత తక్కువమందికి తెలిస్తే అంత భద్రం కదా. నేనేమో అది ఆయన ట్రంకుపెట్టెలో ఉందనుకున్నాను.

తర్వాత కొద్దిరోజులకి సార్ ఇచ్చిన చీటీలో, శుక్రవారం సాయంత్రం రేడియోలో ఒక ముసలి విద్వాంసుడి వయొలిన్ వస్తుందని, మళ్ళీ దొరకదని, వీలైతే పట్టుకోమని రాసి ఉంది. ఆ రోజు బస్సు ఆలస్యమై పరుగున ఇంటికొచ్చాను. డబ్బాలో పేరు రాయని క్యాసెట్ కోసం వెతికితే ఒకటి దొరికింది. మూలల్లో ప్లాస్టరు వేళ్ళకు తగిలింది కూడా. తగిలిందని ఇప్పటికీ నా వేళ్ళకు గుర్తు. కచేరీ మొదలైపోతోందన్న తొందరలో పట్టించుకోలేదు. రికార్డు పడడానికి రెండు బొత్తాలు కలిపి నొక్కాను. వయొలిన్ అద్భుతంగా ఉంది. ఒకవైపు అయిపోతే తిప్పి రెండోవైపు కూడా పెట్టాను.

అవ్వ తిథి వచ్చింది. వడలు, పాయసం అయ్యాయి. అత్తలిద్దరూ చెంగులు సర్దుకుని వసారాలో కూర్చున్నారు. నాయన డబ్బాలోంచి వెతికి ప్లాస్టరు ఉన్న క్యాసెట్ తీసి పెట్టాడు. వయొలిన్ మోగింది. ఆపి, తిప్పి పెట్టాడు. మళ్ళీ వయొలిన్. శుక్రవారం నేను పట్టిన కచేరీయే అది. నాయన మొహం నల్లబడిపోయింది. "మార్చేసినాడు. అసలుది పెట్టుకోని ఇంకోటి ఇచ్చినాడు" అన్నాడు. అమ్మ, "తెచ్చిన్నాడు విన్నాం గదయ్యా, అవ్వ పాటే గదా" అంది. నాయన నావైపు తిరిగి, "నువ్వేమన్నా దీంతో ఆడినావా పాపా? ఆడింటే సెప్పు. రేపట్నించి తిరపతి లేదు, పాట లేదు" అన్నాడు. "లేదు నాయనా" అన్నాను. ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట. అయితే అది మేడ మీద సార్ మిషన్ చేసిన పనే, ఆ రోజు వినబడినా తర్వాత చెరిగిపోయేలా ఆయప్ప ఏదో మాయ చేసి పంపాడని ఆయన తేల్చుకున్నాడు. నేను ఆ తేల్చుకోవడానికి అడ్డం రాలేదు.

మర్నాడు మేడకు పోయాను. జీవితంలో మొదటిసారి ఒక మనిషి దొంగ అయి ఉండాలని దేవుణ్ణి వేడుకుంటూ మెట్లెక్కాను. "సార్, అవ్వ పాటలు మీ దగ్గర ఇంకోటి ఏమన్నా ఉందా" అన్నాను. ఆయన చాలాసేపు నావైపు చూశాడు. "లేదు పాపా. మాట ఇచ్చినా గదా." ఏమైందని అడిగితే చెరిగిపోయిందని, నాయన పాట మానిపిస్తానంటున్నాడని మాత్రం అన్నాను. "ఎట్ట సెరిగింది? ఎవురూ సెరపకూడదనే గదా మూలలు విరిసి పంపినా. అవి లేకుంటే దాని మీద రికార్డు పడదే" అన్నాడు. అప్పుడు తెలిసింది నాకు ఆ రెండు ముక్కల సంగతి. ఆ బొక్కలను ప్లాస్టరుతో మూసి నాయన, బొత్తాలు నొక్కి నేను, ఇద్దరం కలిసి అవ్వ గొంతు నొక్కేశాం. ఆయన ముందు ఏడవడానికి కూడా మొహం చెల్లక దిగి వచ్చేశాను. కానీ మెట్లు దిగేసరికే నాలోని నాయన నిద్ర లేచాడు. పాటలంటే ప్రాణం పెట్టే మనిషి, వారం రోజులు చేతిలో ఉంటే కాపీ తీయకుండా ఉంటాడా? కొండకెదురుగా ఒట్టేశాడు కాబట్టి ఇప్పుడు ఒప్పుకోలేక దాస్తున్నాడు అనిపించింది.

నెల తర్వాత నాయన తిరుపతి పోయి వచ్చాడు. కండువా దులిపి కొక్కేనికి తగిలిస్తూ, "ఒప్పుకున్నాడు. ఇంక ఆ మాట ఎత్తొద్దండి. పాపా, నీ సదువు నువ్వు సదువుకో, ఆ మేడ మాత్రం ఎక్కొద్దు" అన్నాడు. నేను నిర్ఘాంతపోయాను. చెరిపింది నేను. చేయని తప్పును ఎవరైనా ఊరికే ఒప్పుకుంటారా? ఏదో చేసి ఉంటేనే కదా ఒప్పుకునేది. అంటే కాపీ ఉంది, దాన్ని మింగి కూర్చోవడానికే పెద్ద తప్పు నెత్తిన వేసుకున్నాడు. అనుమానం ఉన్నవాళ్ళ లెక్కలు ఇలాగే ఉంటాయి, తప్పు కూడా ఎంతో శుభ్రంగా సరిపోతుంది. ఆ తర్వాత నేను మేడ ఎక్కలేదు. పరీక్షలు పాసయ్యాను, చిత్తూరులో పాఠాలు చెప్పుకునే ఉద్యోగం దొరికింది. ఒకసారి బస్టాండులో సార్ ఎదురుపడి చెయ్యెత్తాడు, నేను బస్సు బోర్డు చదువుతున్నట్టు నిలబడ్డాను. ఇంకోసారి అలిపిరిలో ఒక అంగట్లో ఆడవాళ్ళ మెట్లపాట వినబడితే పరుగున పోయి నిలబడి చివరిదాకా విన్నాను. అవ్వ కాదు. కాదని తెలిసి కూడా డబ్బా మీద ఉన్న పేర్లన్నీ చదివాను. నాయన పోయేదాకా మునిరత్నం సార్ పేరెత్తితే, "ఆ దొంగోడు" అనేవాడు. నేను ఒక్కసారి కూడా కాదనలేదు.

ఇవన్నీ తలుచుకుంటూనే మేడ మీది గదిలో బీరువాలు వెతికాను. ఇప్పుడు నా దగ్గర నేర్చుకునే పిల్లలు నేను నోరు తెరిస్తే చాలు ఫోను ముందర పెడతారు. ఎవరినీ అడగరు. నా పాఠాలు నాకు తెలియని ఊళ్ళలో, నాకు తెలియని మనుషుల దగ్గర ఉన్నాయని వాళ్ళే చెబుతుంటారు. పోగొట్టుకోవడానికి వీల్లేనన్ని కాపీలు, ఒక్కటీ రెండోసారి వినేవాళ్ళు లేరు. వినమని ఒకరి చేతికి చీటీ రాసిచ్చే ఓపిక నాకే లేదు, లింకు పంపి ఊరుకుంటాను. ఆ గదిలో టేపులు వందల్లో ఉన్నాయి, ప్రతిదాని మీదా ఆ ముత్యాల్లాంటి రాత. మధ్యాహ్నం దాకా ఒక్కొక్కటే చదివాను. గుడ్డివాళ్ళ టేపు ఉంది, వీధినాటకం ఉంది. అవ్వ లేదు. దుమ్ముకు తుమ్ములు పట్టుకుని కిటికీ దగ్గర నిలబడితే మేనేజరు కట్ట కట్టిన నోటుపుస్తకాలు తెచ్చి పెట్టాడు. "సార్ యా రోజు ఏం విన్నాడో రాసుకున్నేవంటమ్మా ఇవి. ఆయనకెవురూ లేరు. సూడండి, కావాలంటే తీసుకోండి, లేకుంటే లారీకే."

కాపీ ఎక్కడ పెట్టాడో దొరుకుతుందని వెతికాను. మా ఊరి పేరు, అవ్వ పేరు ఉన్న పేజీ దొరకడానికి ఎంతోసేపు పట్టలేదు.

"వడమాలపేట లక్షుమ్మ. మెట్ల పాటలు. మూడుసార్లు విన్నాను. గొంతు దూరం పోయి దగ్గరికొస్తాంది. మొదట మిషన్ తప్పనుకున్నాను. కాదు, ఆమె వంగి లేస్తాంది. ఇంట్లో కూసోబెట్టి పాడమంటే కూడా వంగి మెట్టుకు పసుపు పూస్తానే ఉండాది. ఇట్టాంటిది నేను ఇంతవరకు వినలేదు. కాపీ తీయలేదు. మాటిచ్చినాను. ఎవురూ చెరపకుండా మూలలు విరిచినాను." కొన్ని పేజీల తర్వాత: "పాప వచ్చింది. కాపీ ఉందా అనింది. లేదన్నాను. ఎవురు చెరిపిందీ చెప్పలేదు, మొగం చూస్తే తెలిసింది. మాట తప్పి ఉంటే బాగుండు." ఇంకా తర్వాత, ఒకరోజు ఏ పాటా విన్నట్టు రాయకుండా, ఇంతే రాశాడు: "పాప వాళ్ళ నాయన వచ్చినాడు. చెరిపింది నువ్వేనా అన్నాడు. అవును, నా మిషన్‌లోనే చెరిగిందన్నాను. నిజం తెలిస్తే పాప పాట మానిపిస్తాడు. ఆ గొంతు ఎట్టాగూ పోయింది. ఈ గొంతన్నా ఉండనీ."

అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. ఇన్నేళ్ళూ నేను పాడిన ప్రతి పాటా, చెప్పిన ప్రతి పాఠమూ ఆయన నెత్తిన వేసుకున్న ఆ నింద మీద నిలబడి ఉంది. అలాంటి మనిషి బస్టాండులో చెయ్యెత్తితే నేను బోర్డు చదివాను. నా మీద నాకే అసహ్యం వేసింది, దాచుకోవాలని కూడా అనిపించలేదు. మేనేజరు నీళ్ళసీసా తెచ్చి పక్కన పెట్టాడు.

"మీ వస్తువు దొరికిందా అమ్మా" అన్నాడు.

"లేదప్పా. ఆయన తీసుకోలేదు" అన్నాను. ఆ మాట నాయనకు చెప్పాల్సింది.